గ్వ్రాఖ్ అంటే మంత్రగత్తేనా? వేల్స్ కథలను తెలుగు చేసేవారికి

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. వేల్స్ జానపద కథలు పిల్లల కోసం తెలుగు చేస్తున్నారు, వాటిలో గ్వ్రాఖ్ అనే మాట పదే పదే వస్తోంది, ఇంగ్లిష్ నిఘంటువులో దానికి ‘హ్యాగ్, విచ్’ అని ఉంది కాబట్టి అన్నిచోట్లా మంత్రగత్తె అని రాసేయొచ్చా అన్నది మొదటిది. ఐర్లండ్ కథల్లో వచ్చే కాల్యఖ్, ఈమె ఒకరేనా అన్నది రెండోది. వీళ్లంతా క్రైస్తవం రాకముందు నాటి తల్లి దేవతే అంటున్నారు, నిజమా అన్నది మూడోది.

ముందు సూటిగా చెప్తాను. గ్వ్రాఖ్ అంటే మొదట ముసలిది. మంత్రాలు ఆ తర్వాత వచ్చి చేరాయి, అదీ కొన్ని కథల్లోనే. అన్నిచోట్లా మంత్రగత్తె అని పెట్టేస్తే, ఆ ముసలామె చేయని పనిని ఆమె నెత్తిన రుద్దినట్టవుతుంది. కాల్యఖ్ వేరే మాట, దాని పుట్టుక వేరు. దేవత సంగతి కాస్త జాగ్రత్తగా మాట్లాడాల్సింది, దానికి తర్వాత వస్తాను.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను కార్డిఫ్ దగ్గర పదహారేళ్లున్నాను. సాయంత్రం క్లాసుల్లో వెల్ష్ నేర్చుకున్నాను, ఇప్పటికీ చదువుతాను, అనువాదాలు చేస్తాను. మొదట్లో పెంబ్రోక్‌షైర్ పంటకోతల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ, ‘కోతగాళ్లు మంత్రగత్తెను జడలా అల్లి ఇంటికి తెచ్చి మేకుకు తగిలించేవారు’ అని రాశాను. అది అచ్చయింది. మా అమ్మ పొలం పని చేసిన మనిషి. చదివి, ‘ఇక్కడ చెప్తున్నది ఆఖరి పన గురించి కదరా, మధ్యలో ఈ మంత్రగత్తె ఎవరు?’ అంది. వెల్ష్ ఒక్క ముక్క రాని మా అమ్మ పట్టుకున్నదాన్ని, నాలుగేళ్లు చదివిన నేను పట్టుకోలేకపోయాను. మళ్లీ మాట దగ్గర్నుంచి మొదలుపెట్టి నేర్చుకోవాల్సి వచ్చింది. అదంతా మీకు చెప్తాను, మీరు ఆ తప్పు చేయకుండా ఉంటారు.

వెల్ష్‌లో ఆడమనిషికి, భార్యకు గ్వ్రైగ్ అంటారు. గ్వ్రాఖ్ దానికి చుట్టమే, రెండూ పాత కెల్టిక్ భాషలో ‘స్త్రీ’ అన్న ఒకే మూలం నుంచి వచ్చాయి. పాత ఐరిష్‌లో ఫ్రాక్ అని ఇంకో చుట్టం ఉంది, దానికీ స్త్రీ అనే అర్థం. అంటే మాటలో భయం లేదు, మంత్రం లేదు. మన ‘ముసల్ది’ ఎలాగో అలాగ. కోపంగా అంటే తిట్టు, మామూలుగా అంటే వయసు.

ఇంకో సంగతి. వెల్ష్‌లో ముందొచ్చే మాటను బట్టి తర్వాతి మాట మొదటి అక్షరం మారిపోతుంది. క్లాసులో ఇది చెప్తుంటే పక్కనున్న వాళ్లందరికీ టెన్షన్, నాకు మాత్రం స్కూల్లో చదివిన గసడదవాదేశం గుర్తొచ్చింది. ‘వాడు కొట్టె’ అన్నది ‘వాడు గొట్టె’ అయినట్టే, అక్కడ కూడా క పోయి గ వస్తుంది, త పోయి ద వస్తుంది. గ అయితే పూర్తిగా ఎగిరిపోతుంది. అందుకే ‘ఆ ముసలిది’ అనాలంటే ‘అ వ్రాఖ్’ అంటారు. మీ పుస్తకంలో వ్రాఖ్ అని కనిపిస్తే అది వేరే పాత్ర అనుకోకండి, ఈవిడే.

ఈ గ ఎగిరిపోయిన రూపం ఇంగ్లిష్‌లోకి కూడా దూరింది. వేల్స్‌కు దక్షిణాన సముద్రం దాటితే కార్న్‌వాల్. అక్కడి కార్నిష్ భాష వెల్ష్‌కు అక్కచెల్లెలు. రాళ్ల మధ్య బతికే, దళసరి పెదాల చేప ఒకటుంది, ముఖం చూస్తే పళ్లు ఊడిన అవ్వ ముఖంలా ఉంటుంది. దాన్ని కార్నిష్ జాలర్లు వ్రాఖ్ అన్నారు, ఇంగ్లిష్‌లో అది రాస్ అయింది. ఫ్రాన్స్‌లోని బ్రిటనీలోనూ ఆ చేపకు ఇదే మాట. ఫ్రెంచి వాళ్లు దాన్ని వియెయ్ అంటారు, అంటే ముసలిది. వేల్స్‌లో పొయ్యి పక్కన, తడి కట్టెల కింద తిరిగే చిన్న బూడిదరంగు పురుగుకు గ్వ్రాఖెన్ లిదు అనే పేరుంది, ‘బూడిద ముసలి’ అని. వీపు వంగి, మెల్లగా నడిచే పురుగు. చేపకు, పురుగుకు పేరు పెట్టినవాళ్లు మంత్రాలను తలచుకుని పెట్టలేదు, ఇంట్లో ఉన్న ముసలివాళ్లను చూసి పెట్టారు.

ఇక నేను పాడుచేసిన ఆ పంటకోత గురించి. ఉత్తర పెంబ్రోక్‌షైర్‌లో పొలం కోత చివరికొచ్చాక, ఒక్క గుప్పెడు పైరు నిలబెట్టి ఉంచేవారు. కోతగాళ్లు కొంచెం దూరంలో నిలబడి, ఒకరి తర్వాత ఒకరు దాని మీదికి కొడవళ్లు విసిరేవారు. ఎవరి కొడవలికి అది తెగితే వాళ్లకి ఇంట్లో కాచిన బీరు ఒక కూజా. తెగిన కంకుల్ని జానెడు పొడవున జడలా అల్లేవారు. దాని పేరే వ్రాఖ్. అప్పుడు అసలు ఆట మొదలయ్యేది. నాగలి దున్నే మనిషి దాన్ని పట్టుకుని, ఇంకా కోత పూర్తికాని పక్క రైతు పొలం గట్టు వెనక నక్కి, అక్కడి ముఠా పెద్ద దగ్గరికి వచ్చేదాకా కాచుకుని, సరిగ్గా అతని కొడవలి మీద పడేలా విసిరి పరిగెత్తేవాడు. వాళ్లు మండిపడి అతని వెనకాల కొడవళ్లు విసిరేవారు. దెబ్బ తగలకుండా బయటపడితే అదృష్టమే. ‘మా పని అయిపోయింది, ముసలిది ఇక మీ ఇంట్లో’ అన్నట్టు.

ఒక్కోసారి దాన్ని సొంత యజమాని ఇంటికే తెచ్చేవారు. తెచ్చేవాడు తడవకుండా, ఎవరికంటా పడకుండా లోపలికి చేర్చాలి. ఇంట్లోవాళ్లు బకెట్లలో, పళ్లాల్లో నీళ్లు నింపుకుని కాచుకుని ఉండేవారు. అనుమానం వస్తే బట్టలు లాగేసి మరీ వెతికేవారు. పొడిగా లోపలికి చేరిస్తే యజమాని ఓడినట్టే, ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. ఆ తర్వాత ఆ జడను హాల్లో మేకుకు తగిలిస్తే ఏడాదంతా అక్కడే. స్కాట్‌లండ్ పశ్చిమ తీరంలోనూ ఆఖరి పనను ముసలమ్మే అనేవారు. కోత అందరికన్నా వెనకబడ్డ రైతు ఆ ముసలమ్మను చలికాలమంతా పోషించాలి అనేది అక్కడి మాట. గింజ అయిపోయే కాలంలో ఇంట్లో తినే నోరు ఒకటి ఎక్కువవుతుందన్న భయం అందులో ఉంది. దీనికి నా ఇప్పటి తెలుగు ‘ముసలమ్మ పన’. మీ కథల్లో కోత ఉంటే వాడుకోండి.

ఇప్పుడు మీ పుస్తకంలో పిల్లల్ని బాగా భయపెట్టే ఆవిడ దగ్గరికొద్దాం, గ్వ్రాఖ్ అ హ్రిబిన్. ఈమె మామూలుగా కంటికి కనిపించదు. మసకలో, వాగు దగ్గర, నాలుగుదారుల కూడలిలో మనిషి పక్కనే నడుస్తుంది. తోలు రెక్కలు, పొడవాటి నల్ల పళ్లు, ఎండిపోయిన చేతులు. రాత్రి కిటికీ మీద రెక్కలతో కొట్టి, ఎవరు పోబోతున్నారో వాళ్ల తరఫున ఏడుస్తుంది. ‘నా మొగుడా, నా మొగుడా’ అని ఒక ఇంటి దగ్గర, ‘నా బిడ్డా, నా చిన్ని బిడ్డా’ అని ఇంకో ఇంటి దగ్గర. ఎవరైనా బాగా అందవికారంగా ఉంటే ‘గ్వ్రాఖ్ అ హ్రిబిన్ అంత’ అని సామెత ఇప్పటికీ ఉంది.

కార్డిఫ్‌లో అమెరికా కాన్సుల్‌గా పనిచేసిన వర్ట్ సైక్స్ 1880లో అచ్చువేసిన పుస్తకంలో ఒక రైతు చెప్పిన సంగతి ఉంది. ఆ రైతు 1877 నవంబర్ 14 రాత్రి లాండాఫ్‌లో స్నేహితుడి ఇంట్లో పడుకున్నాడు. నడిరాత్రి వెన్ను జలదరించే అరుపు, కిటికీ కదిలిపోతోంది. లేచి కిటికీ తెరిచి చూస్తే, పొడవాటి ఎర్ర జుట్టు, సున్నం లాంటి ముఖం, కోరల్లాంటి పళ్లు ఉన్న ముసలిది గాలిలో పోతూ భుజం మీంచి వెనక్కి తిరిగి అతన్నే చూస్తోందట. ఇంకో అరుపు అరిచి, కిందనున్న ఇంటి కిటికీ మీద రెక్కలు కొట్టి, వీధిలోని కౌ అండ్ స్నఫర్స్ అనే సత్రం తలుపులోంచి లోపలికి వెళ్లింది. చాలాసేపు చూసినా బయటికి రాలేదు. తెల్లారాక తెలిసింది, ఆ సత్రం యజమాని రాత్రే పోయాడని. నేను లాండాఫ్ వీధుల్లో చలికాలం సాయంత్రాలు చాలాసార్లు నడిచాను. టాఫ్ నది మీంచి పొగమంచు లేచి దీపాలను కప్పేసే వేళకి ఈ కథ గుర్తురాకుండా ఉండదు.

ఇందులో మంత్రం ఎక్కడుంది? ఆమె ఎవరినీ చంపలేదు. చావు కబురు మోసుకొచ్చింది, అంతే. ఐర్లండ్‌లో బాన్షీ చేసే పనే ఇది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఆ ఏడుపులోని మాటలు. ‘నా మొగుడా’ అని ఏడ్చేటప్పుడు ఆమె రేపటి విధవ గొంతును ఇవాళే అరువు తెచ్చుకుంటోంది. మన ఊళ్లలో శవం దగ్గర ఆడవాళ్లు ఎత్తుకునే రాగం తెలిసినవాళ్లు దీన్ని సులువుగా తెలుగు చేయగలరు. అందుకే దీనికి ‘మంత్రగత్తె’ వద్దు, ‘చావుకేక ముసలి’ అంటే సరిపోతుంది. హ్రిబిన్ అన్న మాట పొగమంచుకు సంబంధించిందని కొందరు చెప్పారు, కానీ దాని మీద కథ నిలబడి లేదు కాబట్టి పేరును తెలుగు చేయకుండా అలాగే ఉంచండి.

పశ్చిమ వేల్స్‌లోని కెరెదిగియాన్ తీరంలో బోర్త్ ఊరి వెనక కోర్స్ వొఖ్నో అనే పెద్ద బురదనేల ఉంది. అక్కడి వాళ్లు చెప్పుకునే ఆవిడ పేరే ‘ఆ ముసలి అవ్వ’, అర్ హేన్ వ్రాఖ్. ఏడడుగుల పొడవు, పసుపు చర్మం, నల్ల పళ్లు. మంచు కమ్మిన రాత్రి బురదలోంచి లేచి ఇళ్లలోకొచ్చి నిద్రపోతున్నవాళ్ల మీద ఊదేదట. పొద్దున లేచేసరికి వాళ్లకి వణుకు, చలిజ్వరం. దోమల బురదనేల, పసుపు చర్మం, చలిజ్వరం, ఈ మూడూ ఒక్కచోట చూస్తే ఆమె ఎవరో మనకు వెంటనే అర్థమవుతుంది. అప్పట్లో ఇంగ్లండ్, వేల్స్ బురదనేలల్లో మలేరియా మామూలు జబ్బు. అక్కడివాళ్లు పొయ్యిలోకి బురదనేల తవ్వి ఎండబెట్టిన మట్టిగడ్డలే వాడేవారు. బొగ్గు వచ్చి, ఆ తవ్వకం మానేశాక అవ్వ కూడా రావడం మానేసిందని చెప్పుకుంటారు. ఈ కథను పిల్లలకు తప్పకుండా ఇవ్వండి. ఇక్కడ ‘ముసలవ్వ’ అనే రాయండి, వింటుంటేనే భయం వేస్తుంది.

మరి నిజంగా మంత్రాలు, యుద్ధం తెలిసిన ఆడవాళ్లు వెల్ష్‌లో లేరా అంటే ఉన్నారు, కానీ వాళ్లకు పాత పుస్తకాల్లో వేరే మాట ఉంది, గ్విదన్. మీరు నిఘంటువులో రెండూ ఒకే చోట చూసి ఉంటారు, అందుకే కలిసిపోయాయి. కల్‌హూఖ్, ఒల్వెన్ పెళ్లి కథ మీకు తెలిసే ఉంటుంది. ఆ పెళ్లి జరగాలంటే పెళ్లికూతురి తండ్రి, రాక్షసుడు అస్బదాదెన్, పెట్టిన పనులన్నీ చేయాలి. అతని గడ్డం మెత్తబడడానికి కావలసింది ‘కారునల్ల గ్విదన్’ నెత్తురు. ఆమె తల్లి ‘తెల్లతెల్లని గ్విదన్’. ఉండేది నరకపు మెట్టనేలల్లో, దుఃఖపు లోయ చివర. ఆర్థర్ రాజు తన మనుషుల్ని ఇద్దరిద్దరిగా గుహలోకి పంపిస్తాడు. ఆమె వాళ్లను జుట్టు పట్టి నేలకేసి కొట్టి, తన్ని బయటికి తోస్తుంది. నలుగురినీ గుర్రం మీద వేసి పంపించాల్సి వస్తుంది. చివరికి ఆర్థరే గుమ్మంలో నిలబడి కత్తి విసిరితే ఆమె రెండు తొట్లలాగా రెండు ముక్కలవుతుంది. ఆ నెత్తురు పట్టుకుని ఉంచుతారు.

పెరెదిర్ అనే వీరుడి కథలో తొమ్మిదిమంది గ్విదన్లు గ్లాస్టర్ దగ్గర ఉంటారు, తలకు శిరస్త్రాణం, ఒంటికి కవచం వేసుకుని మరీ ఊళ్ల మీద పడతారు. పెరెదిర్ వాళ్లలో ఒకామెను కొడితే ఆమె, ‘నాకు నీ చేతిలో దెబ్బ రాసుంది, గుర్రం ఎక్కడం, ఆయుధం పట్టడం మా దగ్గర నేర్చుకోవాలనీ రాసుంది’ అంటుంది. మూడు వారాలు వాళ్ల కోటలో ఉండి విద్య నేర్చుకుంటాడు. తర్వాత వాళ్లనే చంపుతాడు. కార్మార్దెన్ నల్ల పుస్తకంలోని ఒక పాత పద్యంలో కూడా ఆర్థర్ అనుచరుడు కై తొమ్మిదిమంది గ్విదన్లను పొడిచి చంపినట్టుంది. ఇలాంటివాళ్లకు మంత్రగత్తె కూడా చాలదు, మన కథల్లోని రాకాసి దగ్గరగా ఉంటుంది. యుద్ధవిద్య నేర్పే రాకాసి.

ఇక నిజంగా కోర్టుకెక్కిన మంత్రగత్తెల సంగతి. ఇది కథ కాదు కాబట్టి కొంచెం ఆగి చెప్పాలి. ‘విచ్’ అనే నేరస్థురాలి మాట వెల్ష్‌లోకి ఇంగ్లిష్ నుంచే వచ్చింది, ఇప్పటికీ విచ్ అనే పలుకుతారు. ఊరివాళ్లకు అంతకుముందు వేరే వేరే పనులకు వేరే వేరే పేర్లున్నాయి. దిష్టి, శాపం పెట్టడాన్ని రైబియో అనేవారు. దాన్ని విప్పేవాడు దిన్ హస్బిస్, ‘తెలిసినవాడు’. మంత్రించి జబ్బు నయంచేసే ఆడమనిషి స్వీన్వ్రైగ్. చివర్లో ఆ గ్వ్రైగే మళ్లీ వచ్చింది చూడండి, గ ఎగిరిపోయి.

గ్వెన్ వెర్హ్ ఎలిస్ అలాంటి మనిషి. ఉత్తర వేల్స్‌లో నార బట్ట నేసేది, మనుషులకు, పశువులకు లేపనాలు, మంత్రాలతో వైద్యం చేసేది. ఆమె మంత్రం తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరుతో, ముగ్గురు మేరీల పేరుతో మొదలయ్యేది. గ్లోదైత్ అనే పెద్దింట్లో వెనక నుంచి ముందుకు రాసిన ఒక మంత్రం దొరికింది. మంచికి రాసింది ముందు నుంచి ఉంటుంది, తిరగేసి రాస్తే చెడుకే అన్నారు. 1594లో డెన్బీలో ఆమెకు విచారణ జరిగింది, మంత్రంతో ఒక మనిషిని చంపిందన్న నేరం మీద ఉరి వేశారు. ఈ నేరానికి వేల్స్‌లో ఉరిపడినట్టు రికార్డులో ఉన్న మొదటి మనిషి ఆమె. వేల్స్ మొత్తానికి అలా ఉరిపడినవాళ్లు ఐదుగురు. స్కాట్‌లండ్‌లో పేర్లు దొరికిన నిందితులే 3,212 మంది.

ఎందుకింత తేడా అంటే ఒక్క కారణం చాలదు. కానీ నాకు నమ్మకంగా కనిపించేది ఊరి అలవాటు. ఆవు పాలివ్వకపోతే, వెన్న తేలకపోతే, అనుమానం ఉన్న ముసలామె దగ్గరికెళ్లి ‘వచ్చి దీవించు’ అని పట్టుబట్టేవారు. ఆమె ‘దేవుడు దీన్ని చల్లగా చూడుగాక’ అంటే గొడవ అక్కడితో తీరేది. కోర్టు ఇంగ్లిష్‌లో నడిచేది, జనం మాట వెల్ష్. అయితే ఒకరినొకరు ‘విచ్’ అని తిట్టుకున్న పరువునష్టం కేసుల్లో తిట్టిన మాటను ఉన్నదున్నట్టు రాయాలి కాబట్టి, ఇంగ్లిష్, లాటిన్ కాగితాల మధ్యలో ఆ తిట్లు వెల్ష్‌లోనే మిగిలాయి. ఆ కాగితాలు ఇప్పుడు అబెరిస్ట్విత్‌లోని వేల్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. ఐర్లండ్‌లోనూ ఇంతే. 1324లో కిల్కెన్నీలో మంత్రగత్తె అని పెట్రోనిల్లా అనే పనిమనిషిని కాల్చింది ఆంగ్లో నార్మన్ల ఊళ్లో. 1711లో ఐలండ్‌మగీలో ఎనిమిదిమంది ఆడవాళ్లకు శిక్ష వేసింది స్కాట్‌లండ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల మధ్య. ఐరిష్ మాట్లాడే ఊళ్లలో ముసలమ్మ అంటే భయం ఉండేది, కోర్టుకీడ్చడం మాత్రం అరుదు.

ఈ కారణం వల్లే పిల్లల పుస్తకంలో ఈ మాట గురించి నేను ఇంత పట్టుపడుతున్నాను. మన తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో చేతబడి, బాణామతి అన్న అనుమానంతో ఒంటరి ముసలివాళ్లను కొట్టిన, చంపిన సంగతులు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. ముసలామె కనిపించిన ప్రతిచోటా మంత్రగత్తె అని చదివి పెరిగే పిల్లకు ఏం నేర్పుతున్నామో ఆలోచించండి. గ్వెన్ కథ మీ పుస్తకంలో ఉంటే, మంత్రగత్తె అనే మాట ఆమెను పట్టించినవాళ్ల నోట పెట్టండి. కథ చెప్పే గొంతులో మాత్రం ఆమె వైద్యురాలిగానే ఉండాలి.

ఆంగ్లెసీ దీవిలోని లాన్‌దోనా ఆడవాళ్ల కథలో మాత్రం మంత్రగత్తె సరిగ్గా కుదురుతుంది. తెడ్లు, చుక్కాని లేని పడవలో వేరే ఎక్కడివాళ్లో వాళ్లను తోసేస్తే అలలకు కొట్టుకొచ్చారు. ఊరివాళ్లు దిగనివ్వకపోతే ఇసుకలోంచి మంచినీటి ఊట పుట్టింది. మగవాళ్లు దొంగసరుకు దింపేవారు, మెడకు కట్టుకున్న రుమాల్లో ఈగను దాచి, పట్టుకోవడానికి వచ్చినవాడి కంట్లోకి వదిలేవారు. బెలా వౌర్ అనే ఆమె బావి దగ్గర పెట్టిన శాపం ఇలా సాగుతుంది: యుగాల తరబడి తిరుగుతూ ఉండు, అడుగడుగునా కంచె, కంచె కంచెకూ పడిపాటు, పడ్డ ప్రతిసారీ ఎముక విరుగు, పెద్ద ఎముక కాదు, చిన్న ఎముక కాదు, ప్రతిసారీ మెడ ఎముకే. వెల్ష్‌లో ఈ మాటలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి వస్తాయి, మన ముక్తపదగ్రస్తంలాగా. కామ్, కామ్వా, కోదుమ్ అనుకుంటూ. దీన్ని వచనంలో చెప్పేయకండి, శ్రమ అయినా ఆ గొలుసు తెలుగులోనూ కట్టండి.

రెండో ప్రశ్న. కాల్యఖ్‌కు, గ్వ్రాఖ్‌కు మాటలో ఏ సంబంధమూ లేదు. చివర ‘ఖ్’ వినపడుతుంది, అంతే పోలిక. కాల్యఖ్ లాటిన్ మాట పాలియం నుంచి వచ్చింది, అంటే ముసుగు, పైవస్త్రం. క్రైస్తవంతో పాటు మొదట్లో ఐరిష్‌లోకి వచ్చిన లాటిన్ మాటల్లో ప ఉన్నచోట క వచ్చేది. ఈస్టర్ పండగ పాస్ఖా వాళ్ల నోట కాష్క్ అయినట్టే, పాలియం కాల్య అయింది. కాల్యఖ్ అంటే ముసుగు వేసుకున్న ఆవిడ. మొదట మఠంలో చేరిన సన్యాసిని. తర్వాత ముసలామె. ఆ తర్వాతే భయపెట్టే ముసలి. స్కాటిష్ గేలిక్‌లో ఇప్పటికీ ‘నల్ల కాల్యఖ్’ అంటే నన్, ‘రాత్రి కాల్యఖ్’ అంటే గుడ్లగూబ, ఉత్త కాల్యఖ్ అంటే ఏ ఊళ్లోనైనా కనిపించే అవ్వ.

ఈ రెండర్థాలూ తెలిసి రాసిన పద్యం ఒకటుంది, దాదాపు తొమ్మిదో శతాబ్దం నాటిది. కౌంటీ కార్క్‌లో సముద్రంలోకి చొచ్చుకుపోయిన బేరా ద్వీపకల్పం ముసలామె తన గురించి తానే చెప్పుకుంటుంది. ‘సముద్రానికి వచ్చినట్టే నాకూ ఆటు వచ్చింది’ అని మొదలుపెడుతుంది. ఒకప్పుడు రాజులతో తాగింది, ఎప్పుడూ కొత్త చొక్కానే తొడిగింది, ఇప్పుడు ఎవరో తొడిగి విడిచిన చొక్కా కూడా లేదు. తలమీద ముసుగు. అది సన్యాసిని ముసుగా, ముసలితనపు ముసుగా అంటే రెండూను. మనకు ఆటుపోట్లు అని చక్కటి జంటమాట ఉంది, ఆ పద్యం మొత్తం దాని మీదే నడుస్తుంది. సముద్రానికి ఆటు తర్వాత పోటు వస్తుంది, నాకు రాదు అంటుంది. ఐరిష్ రాకపోయినా ఏదో ఒక అనువాదంలో దాన్ని చదవండి. ఆ తర్వాత కాల్యఖ్‌ను మంత్రగత్తె అని రాయడానికి మీకు చెయ్యి రాదు. కిల్‌క్యాథరిన్ దగ్గర సముద్రం వైపు చూస్తూ ఆమె పేరుతో ఒక రాయి ఉంది. వెళ్లినవాళ్లు నాణేలు, పూసలు, చిన్న చిన్న వస్తువులు పెట్టి వస్తారు.

బ్రిటనీలో గ్వ్రాఖ్ సొంత చెల్లెలు ఉంది, గ్రోఅఖ్. కానీ అక్కడ ఆమె ముసలిదే కానక్కర్లేదు. 1844లో అచ్చయిన ఒక కథలో లోక్ దీవి గ్రోఅఖ్ నీటి అడుగున గవ్వల మేడలో ఉండే అందగత్తె. వచ్చిన మగవాళ్లను చేపలు చేసి కొలనులో పెట్టుకుంటుంది, ఆకలేస్తే వలతో పట్టి వేయిస్తుంది. అదే మాట, వేల్స్‌లో పళ్లూడిన అవ్వ, బ్రిటనీలో నీటి మోహిని. నిఘంటువు ఇక్కడ మీకు ఏమీ సాయం చేయదు, కథే చెప్పాలి.

మూడో ప్రశ్న, దేవత. కాల్యఖ్ అనే పేరు క్రైస్తవంతో వచ్చిన లాటిన్ మాట కాబట్టి, ఆ పేరుతో క్రైస్తవానికి ముందు దేవత ఉండే వీలు లేదు. పేరు వెనకనున్న మనిషి మాత్రం పాతదే కావచ్చు అనడానికి ఆధారాలున్నాయి. బేరా ముసలి పద్యంలో తన పేరు బుయీ అంటుంది, ఆ పేరు పాత ఐరిష్ కథల్లో లుగ్ దేవుడి భార్యది. ఐర్లండ్ రాజు నియాల్ కథలో బావి కాసే వికారమైన ముసలిని అన్నదమ్ములు ముద్దుపెట్టుకోమంటే వెనక్కి తగ్గుతారు, నియాల్ పెట్టుకోగానే ఆమె అందగత్తెగా మారి, ‘నేను రాజ్యాధికారాన్ని’ అంటుంది. నేల, రాజు, ముసలిది, ఈ మూడింటి ముడి చాలా పాతదని నేనూ అనుకుంటాను. కౌంటీ మీత్‌లోని లాఖ్‌క్రూ కొండల మీది రాతి సమాధులు ఐదువేల ఏళ్ల నాటివి. ముసలమ్మ ఒడిలో మోసుకొస్తూ జారవిడిచిన రాళ్లే అవి అంటారు. కానీ ఈ కథ సమాధులంత పాతదని అనుకోకూడదు. రాళ్లను చూసిన ఎవరో ఏదో కాలంలో అల్లిన కథ అది.

నా మనసుకు దగ్గరైంది స్కాట్‌లండ్‌లోని గ్లెన్ లయన్ లోయ. అక్కడ ఒక మారుమూల చిన్న వాగు పక్కన మోకాలెత్తు రాతి ఇల్లు ఉంది, పైన గడ్డి గడ్డలు కప్పి ఉంటాయి. లోపల నీళ్లు అరగదీసిన కొన్ని రాళ్లు, నడుము దగ్గర సన్నగా, కింద పైన లావుగా. పెద్దది కాల్యఖ్, పక్కన ముసలాయన, వాళ్ల కూతురు. మే మొదట్లో పశువుల్ని కొండమీదికి తోలే వేళకు ఎవరో ఒకరు వాళ్లను బయటికి తీసి ఎండలో నిలబెడతారు, నవంబర్ రాగానే మళ్లీ లోపల పెట్టి, చలిగాలి రాకుండా సందుల్లో నాచు కుక్కుతారు. ఆ రాళ్ల దగ్గర ఆమె దేవతా కాదా అని వాదించాలని ఎవరికీ అనిపించదు. ఇంట్లో పెద్దవాళ్లను చలికి లోపల పడుకోబెట్టినట్టే ఉంటుంది.

మీ పుస్తకం దగ్గరికొస్తే, ఒక్కో కథలో ఆమె చేసే పని చూసి పేరు పెట్టండి. కోత కథలో ముసలమ్మ, బోర్త్‌లో ముసలవ్వ, కిటికీ దగ్గర చావుకేక ముసలి, ఆర్థర్ గుహలో రాకాసి, లాన్‌దోనాలో మంత్రగత్తె. దారి తప్పిన కుర్రాడికి అన్నం పెట్టి రహస్యం చెప్పే గ్వ్రాఖ్ ఎక్కడైనా కనిపిస్తే, మన పేదరాశి పెద్దమ్మను గుర్తుచేసుకుని ‘పెద్దమ్మ’ అనండి. ఇంకా మీకు అనుమానం ఉన్న కథ ఏదైనా ఉంటే, నాకు పంపిస్తే, వెల్ష్ మూలంతో పక్కపక్కన పెట్టి చూసి చెప్తాను. గ ఎగిరిపోయిన చోట్లు ముందే గుర్తుపెట్టి పంపండి, పని తొందరగా అవుతుంది.